ఊపిరి పోయాక కళ్ళు తెరిచే బండి

రండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ వెనక కుర్చీల్లో దూరదూరంగా కూర్చుంటే చలి మీకు, కేకలు నాకు. డోరిన్, ఆ టీ కెటిల్ని పొయ్యి మీంచి దించెయ్ తల్లీ. సరిగ్గా భయపడాల్సిన చోట ఈల వేసి నా కథ చెడగొడుతుంది. ఆఁ… అలా. ప్రార్థన అయింది, పాటలయ్యాయి, బయట మంచు దిగుతోంది. మీలో సగం మంది ఇళ్ళకి పోవాలంటే ఆ మలుపు మీంచే పోవాలి. అందుకే ఇది ఇప్పుడే చెప్పాలి.

దేవుణ్ణి నమ్మే మనిషివి, నీకెందుకయ్యా దెయ్యం కథలు అని పోయినేడు ఒకావిడ అడిగింది. నమ్ముతాను కాబట్టే తల్లీ! చీకట్లో జరిగిందేదీ పైవాడి కన్ను దాటిపోదని నమ్మేవాడే ఇలాంటి కథ చెప్పగలడు.

మన అల్డర్‌బీ ఊరవతల యుద్ధం నాటి విమానాల మైదానం ఉందా… దాని చివర పాత షెడ్డు. ఆ షెడ్డు గోడ పక్కనే రోడ్డు ఉన్నట్టుండి ఎడమకి విరుగుతుంది. థాక్స్టర్ మలుపు.

ఒకప్పుడు ఆ మలుపుకి ఎంత చెడ్డపేరంటే, పొద్దు వాలాక అటు కుక్క కూడా పోయేది కాదు. శీతాకాలం, తడి తడి మంచు పట్టిన సాయంత్రం — తాళం వేసిన ఆ షెడ్డులో, పగిలిన కిటికీ వెనక, రెండు కళ్ళు తెరుచుకునేవి.

రెండూ ఒకేసారి కాదు.

ముందు ఒకటి… నెమ్మదిగా, నిద్ర లేచినట్టు.

ఆగి… ఆగి… రెండోది.

ఇంజను చప్పుడు లేదు. మనిషి అలికిడి లేదు. అటు ఎవరు దీపం పట్టుకుపోతే వాళ్ళ వైపే చూసేవి. టపా పంచే ఆల్బీ పిచర్ రోజూ ఊరంతా చుట్టి వెళ్ళేవాడు. ఎందుకు మామా ఇంత దూరం అంటే, "మోకాళ్ళ నొప్పిరా" అనేవాడు. చుట్టు తిరిగితే తగ్గే మోకాళ్ళ నొప్పి లోకంలో అదొక్కటే!

నేను చూసింది కొంత, విన్నది ఎక్కువ. విన్నది ఇద్దరి దగ్గర. ఒకడు స్టాన్లీ గూచ్, మన గుడి గంట తాడు నా పక్కన నిలబడి లాగినవాడు. రెండో మనిషి బెరిల్ థాక్స్టర్. ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ ముక్క తేడా లేకుండా ఒకే కథ చెప్పారు. కాబట్టి నమ్మాను.

ఆ షెడ్డులోనే మాడక్ గారి కార్ఖానా ఉండేది. లయొనల్ మాడక్. లిన్నెట్ అనే బుల్లి కారు పుట్టింది అక్కడే. పిట్ట పేరు పెట్టాడు, పిట్టలాగే చేశాడు. గాజునారని జిగురులో ముంచి, అచ్చులో పరిచి, గుడ్డు పెంకులాంటి ఒళ్ళు. ఆ ఒళ్ళు కింద మధ్యన ఒక్కటే ఉక్కు వెన్నెముక. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని ఆ పెంకుని ఎత్తేసేవాళ్ళు. పెద్ద పెద్ద ఇంజన్ల కార్లు మలుపుల్లో ఆయాసపడుతుంటే, ఇది వాటి పక్కనించి నవ్వుకుంటూ పోయేది.

మాడక్‌కి ఒకటే పిచ్చి — బరువు. కోటు జేబులో చేపలు తూచే కొక్కెం పెట్టుకు తిరిగేవాడు. కారులో ఏ సామాను కనపడినా దానికి తగిలించేవాడు.

"ఇది ఎన్ని పనులు చేస్తుంది?"

"ఒకటే సార్."

"ఒక్క పని చేసేదాన్ని మోసుకు తిరగడానికి ఇదేం పెళ్ళి బండా? పీకెయ్!"

ఎవడు ఏ కాస్త బరువు తగ్గించినా, శుక్రవారం సాయంత్రం 'మూడు నాగళ్ళు' పబ్బులో వాడి బీరు మాడక్ ఖాతాలో. పనివాళ్ళు అనుకునేవాళ్ళు కూడానూ: "ఒరే, అన్నం తిని ఆయన ముందుకి పోకండి, మిమ్మల్నీ తగిలిస్తాడు!" బరువు దింపినవాడికి చప్పట్లు. బరువు పెంచుదామన్నవాడు ఆ షెడ్డులో ఒక్కడే పుట్టాడు. కారు భాగాల నమూనాలు గీసే ఎడ్విన్ థాక్స్టర్, బెరిల్ మొగుడు. అగ్గిపుల్ల ఆర్పాక నీళ్ళలో ముంచి మరీ పారేసే రకం.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

లిన్నెట్ ముక్కు నేలకి మరీ దగ్గర. దీపాలు అంత కిందన ఉండకూడదని చట్టం. అందుకని దీపాల్ని ముక్కు లోపల దాచి, చీకటి పడ్డాక పైకి లేచేలా పెట్టారు. మరి లేపేదెవరు? మోటారు పెడితే బరువు. అప్పుడు మాడక్‌కి మెరుపులాంటి ఆలోచన తట్టింది. ఇంజను గాలి పీల్చుకుంటుంది కదా… ఆ పీల్పుతోనే లేపితే? వెన్నెముక ముందు భాగంలో ఓ బోలు దూలం ఉంది, ముందు చక్రాలని మోసేది అదే. ఇంజను ఆ దూలంలో గాలంతా పీల్చేస్తుంది. లోపల మిగిలేది ఉత్త ఖాళీ. బండి తోలేవాడి ముందున్న మీట బయటికి లాగితే ఆ ఖాళీయే దీపాల్ని లేపుతుంది. మీట నొక్కితే దిగిపోతాయి.

"ఖాళీకి బరువెంత?" అని కొక్కేనికి ఏమీ తగిలించకుండా గాల్లో ఊపి చూపించాడట మాడక్. అందరూ చప్పట్లు.

ఎడ్విన్ చప్పట్లు కొట్టలేదు.

"సార్… ఆ దూలానికి తుప్పు పట్టి, సూది మొనంత చిల్లు పడితే?"

"పడితే?"

"ఖాళీ కారిపోతుంది. పైగా బండిని గట్టిగా తొక్కినప్పుడు ఇంజను నోరు బార్లా తెరుస్తుంది, దానికి పీల్చే పట్టుండదు. అంటే సరిగ్గా వేగం మీదున్నప్పుడు దీపాలు పడిపోతాయి. ఊపిరి పోతే కళ్ళు మూయడం మనిషికి సరే సార్. బండికి తగదు. తిరగేద్దాం. స్ప్రింగులు దీపాల్ని ఎత్తి పట్టుకోవాలి, ఖాళీ వాటిని కిందికి లాగి పట్టుకోవాలి. అప్పుడు ఊపిరి పోతే… కళ్ళు తెరుచుకుంటాయి."

రెండు స్ప్రింగులు, వాటి బిగింపులూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాడక్ వాటిని కొక్కేనికి తగిలించాడు. ముల్లు కాస్త కదిలింది.

"ఓ కప్పు టీ బరువు! ఎడ్విన్, నీ కప్పు టీని నేను ఇంగ్లండంతా ఎందుకు మొయ్యాలోయ్?"

షెడ్డు దద్దరిల్లేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రీ స్టాన్లీ గూచ్. ఎడ్విన్ ఆ స్ప్రింగుల్ని గుడ్డతో తుడిచి సొరుగులో పెట్టుకున్నాడు. 

తరవాతి నవంబరు. చక్కెర దుంపలు తవ్వే రోజులు. రోడ్లన్నీ బురద. ఎడ్విన్ ఒక లిన్నెట్‌ని మైదానం చుట్టూ తిప్పి చూసి, చీకటి పడుతుండగా షెడ్డుకి తోలుకొస్తున్నాడు. మలుపు దాకా చివరి దారి తిన్నగా ఉంటుంది. అక్కడ బండిని పూర్తిగా తొక్కి చూడమని మాడక్ మాట.

షెడ్డుకి తాళం వెయ్యబోతున్న స్టాన్లీ ఆ చప్పుడు విన్నాడు. ఇంజను పాడుతున్నట్టు ఎత్తుకుంది… ఎత్తుకుంది…

ఆ తరవాత, గుడ్డు పెంకు చిట్లినట్టు.

స్టాన్లీయే ముందు చేరాడు. గోడ పక్కన గాజునార ముక్కలు. ఎడ్విన్‌లో ఊపిరి లేదు. ముక్కులో దీపాలు రెండూ మూసుకుని ఉన్నాయి. చేతి దీపం లోపలికి వేసి చూశాడు.

మీట… బయటికి లాగి ఉంది.

అంటే ఎడ్విన్ దీపాలు లేపాడు. అవే పడిపోయాయి.

స్టాన్లీ తనతో తాను ఏం మాట్లాడుకున్నాడో నాకు చెప్పాడు. లండన్ ప్రదర్శనకి బండ్లు పోవాలి. ఇది బయటపడితే షెడ్డు మూత. ఊళ్ళో సగం పొయ్యిలు ఆ షెడ్డు మీదే మండుతున్నాయి. ఎడ్విన్ ఎలాగూ తిరిగి రాడు… దూరంగా మనుషులు పరిగెత్తుకొస్తున్న చప్పుడు. స్టాన్లీ చెయ్యి లోపలికి పెట్టాడు. బొటనవేలితో మీట నొక్కాడు.

టక్.

మరణ విచారణలో ప్రమాణం చేయించి అడిగారు: "దీపాల మీట ఎలా ఉంది?"

"లోపలికి నొక్కి ఉందండి."

దీపాలు లేపకుండా చీకట్లో తోలాడు, తప్పు చనిపోయినవాడిదే అని తీర్పు. బెరిల్ లేచి నిలబడింది. "అయ్యా, నా భర్త పట్టపగలు మబ్బు పడితే దీపం పెట్టే మనిషి." "కూర్చోండమ్మా," అన్నారు. కూర్చుంది.

తీర్పు అక్కడితో ఆగితే బాగుండేది. ఊరి నోరు ఊరుకుంటుందా? పబ్బులో ఒకడు "తాగాడేమో" అన్నాడు. ఇంకొకడు "తాగలేదు, తెలిసే తోలుంటాడు… ఆ మొగుడూ పెళ్ళాలకి ఏం గొడవలో" అన్నాడు. ఆ మాట మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడ్డ బెరిల్ చెవిన పడింది. ఆ కొట్టుకి పోవడం మానేసింది. ఆ తరవాత ఆదివారాలు గుడికి రావడం మానేసింది. ఆమె కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు, ఎవరూ పిలవనూ లేదు. దేవుని ఇంట్లో అంత చోటు ఖాళీగా ఉంటే మాకెవరికీ బరువనిపించలేదు చూడండి!

మరుసటేడు కొత్త లిన్నెట్ వచ్చింది. దీపాలకి స్ప్రింగులు ఉన్నాయి. ఊపిరి పోతే తెరుచుకునే కళ్ళు. పత్రికలన్నీ మాడక్ ముందుచూపుని మెచ్చుకున్నాయి. ఆ స్ప్రింగులు బిగించింది స్టాన్లీ చేతులే. ఈసారి కొక్కెం జేబులోంచి బయటికి రాలేదట.

పిట్ట లోకమంతా ఎగిరింది. ఎక్కడెక్కడి దేశాల ఇంజనీర్లో దాన్ని విప్పి చూసి, తేలికదనం అంటే ఇదీ అని నేర్చుకుని, వాళ్ళ పిట్టలు వాళ్ళు చేసుకున్నారు. మన షెడ్డు మాత్రం నిలవలేదు. బరువులు తీసేస్తూ, తీసేస్తూ, చివరికి మనుషుల్ని కూడా తీసేశారు. మాడక్ ఎండ కాసే దేశానికి పోయి అక్కడే పోయాడు. కార్ఖానా పోయింది, ప్రదర్శన పోయింది, పొయ్యిలు ఎలాగూ ఆరిపోయాయి. స్టాన్లీ నొక్కిన మీట ఒక్కటే నొక్కినట్టు ఉండిపోయింది.

ముప్ఫై ఏళ్ళు గడిచాయి. లిన్నెట్ ఉన్నవాళ్ళందరూ ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఉన్ని టోపీలు, మెరుగు గుడ్డలు, కళ్ళనీళ్ళు. వాళ్ళకి మాడక్ పేరున మన గుడిలో ఇత్తడి పలక పెట్టాలనిపించింది. పాత పనివాళ్ళలో మిగిలింది స్టాన్లీ, పైగా గుడి పెద్ద. "ఆవిష్కరణ రోజు మీరే మాట్లాడాలి" అన్నారు. సరేనన్నాడు.

ఇంకా నాలుగు రోజులుందనగా ఆ పలకని మెరుగుపెట్టి, సైకిలెక్కి ఇంటికి బయల్దేరాడు. డిసెంబరు కదా, టీ వేళకే చీకటి. రోజూ పోయే పల్లపు దారి వాగు పొంగి మునిగింది. ఇక మిగిలింది… మలుపు దారి.

కార్ఖానా మూసినప్పటినించీ ఆ దారిన పోలేదు.

మంచు. సైకిలు దీపం వెలుతురు మూరెడు దూరం పోయి ఆగిపోతోంది. టైర్ల కింద బురద చప్పుడు తప్ప ఏమీ లేదు. షెడ్డు గోడ దగ్గరపడింది. చూడకూడదనుకున్నాడు. చూడకుండా పోదామనుకున్నాడు.

లోపల ఏదో… నిట్టూర్చినట్టు.

"స్స్స్…"

కాళ్ళు తొక్కడం మానేశాయి. సైకిలు దానంతటది ఆగింది. దీపం కిటికీ వైపు తిరిగింది.

టక్.

ఒక కన్ను తెరుచుకుంది.

స్టాన్లీకి ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. అన్నేళ్ళు గుడిలో గంట కొట్టినవాడికి!

టక్.

రెండోది. రెండూ తనకేసే చూస్తున్నాయి.

సైకిలు ఒకవైపు, తనొకవైపు పడ్డారు. బురదలో మోకాళ్ళ మీద లేచి, గుసగుసగా అన్నాడు:

"ఎడ్విన్… మీట బయటికే ఉందిరా. నేనే నొక్కాను. ఈ వేలితోనే. నువ్వు దీపాలు వేశావు ఎడ్విన్, నువ్వు వేశావు…"



ఆ తరవాత ఆ కళ్ళ వెనకనించి ఒక గొంతు.

"ఇంకోసారి చెప్పు, స్టాన్లీ."

ఆడగొంతు. షెడ్డు చిన్న తలుపు కిర్రుమంది. తలకి ఉన్ని గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని ఓ ముసలామె బయటికొచ్చింది.

"బె… బెరిల్?"

"భయపడకు. దెయ్యాలకి కీళ్ళనొప్పులుండవు."

అదీ సంగతి! కార్ఖానా మూసేటప్పుడు, బట్టలు కుట్టి దాచుకున్న డబ్బుతో బెరిల్ ఒక కొత్త రకం లిన్నెట్ కొనుక్కుంది. షెడ్డు అప్పటికి రైతు కెరిసన్‌ది. ఓ మూల పెట్టుకోనిచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. దెయ్యం ఉంటే షెడ్డు రేకులు దొంగలు ఎత్తుకుపోరు కదా! అప్పుడప్పుడు సాయంత్రం ఆమె వచ్చి, ఇంజను కాసేపు నడిపి, ఆపేసి, చీకట్లో బండిలో కూర్చునేది. గొట్టాలు పాతబడ్డాయి. నెమ్మదిగా గాలి దూరుతుంది, ఖాళీ కరిగిపోతుంది, స్ప్రింగులు దీపాల్ని లేపుతాయి. అద్దాల మీద పడే వెలుతురు దారిన పోయేవాడి దీపానిదే. అంటే తన చేత్తో బిగించిన స్ప్రింగుల్ని, తన సైకిలు దీపం వెలుగులో చూసి, స్టాన్లీ దెయ్యమనుకున్నాడు.

"ఎందుకు బెరిల్, ఈ చలిలో…"

"ఊపిరి పోతే కళ్ళు తెరుచుకోవాలి అని ఆయన రాత్రిళ్ళు నాతో చెప్పేవాడు. తెరుచుకునేదాకా కూర్చుంటా. ఆయన చెప్పింది నిజమేనని చూసుకుని ఇంటికి పోతా."

"నీకు తెలుసా… మీట సంగతి?"

"ఆయన దీపాలు వెయ్యకుండా తోలడుగా, తెలియకేం? నాకు తెలిసి ఏం లాభం? నేను పెళ్ళాన్ని. పెళ్ళాం చెప్తే సాక్ష్యం కాదు, ఏడుపు."

"ఊళ్ళో సగం మంది తిండి బెరిల్… ఆలోచించాను…"

"నా వంటింట్లో కూడా ఓ కంచం ఉండేది, స్టాన్లీ."

అతను బురదలోంచి సైకిలు లేపాడు.

"ఆదివారం నువ్వే మాట్లాడతావటగా," అంది. "ఇక్కడ చీకట్లో చెప్పింది అక్కడ వెలుతురులో చెప్పు. ఆయన దీపాలు వేశాడని. నాకింకేం వద్దు."

"చెప్తా. ఒట్టు…"

"ఒట్లు వద్దు. ఒకసారి వేసి చూశావుగా."

ఆదివారం మధ్యాహ్నం గుడి నిండిపోయింది. బయట ప్రహరీ వెంట లిన్నెట్లు వరసగా — ఎర్రవి, పచ్చవి, పసుపువి, ముక్కులు గుడి వైపు. వరస చివర మాడక్ సొంత బండి. మొట్టమొదటి రకం. స్ప్రింగులు లేనిది. ఊపిరి పోతే కళ్ళు మూసుకునే రకం. క్లబ్బు కార్యదర్శి డెన్జిల్ క్రాప్ దాన్ని మ్యూజియంనించి ఇంకో బండి మీద ఎక్కించి, గుడ్డ కప్పి తెచ్చి, దింపి, తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకున్నాడు. దాని ఇంజను ఆ ఏడాదిలో తిరిగింది లేదు.

స్టాన్లీ ముందుకెళ్ళి నిలబడ్డాడు. కొక్కెం కథ చెప్పాడు, నవ్వారు. 'పెళ్ళి బండా' అన్న మాట చెప్పాడు, ఇంకా నవ్వారు. అప్పుడు ఆఖరి వరసలో బెరిల్‌ని చూశాడు. ముప్ఫై ఏళ్ళ తరవాత ఆమె తన చోట కూర్చుంది. నేను గంట తాడు పక్కనించి అతన్నే చూస్తున్నా — బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. 

"మాడక్ గారు… గొప్పవారు," అని కూర్చున్నాడు.

చప్పట్లు. పలక మీది గుడ్డ తీశారు. బెరిల్ చేతి తొడుగులు ఒక్కో వేలికీ నెమ్మదిగా తొడుక్కుని లేచి వెళ్ళిపోయింది.

మేమంతా బయటికొచ్చేసరికి వెలుతురు పోతోంది. ముందు నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. వెనకవాళ్ళు వాళ్ళని గుద్దుకున్నారు.

ప్రహరీ వెంట ఒక్కో బండి కళ్ళు తెరుస్తోంది.

ఎర్ర బండికి ఒకటి. పచ్చదానికి రెండూ. పసుపుది… టక్. దాని పక్కది… టక్. ఏ బండిలోనూ మనిషి లేడు. వరసంతా లేచి గుడి గుమ్మంకేసి చూస్తోంది.

"పాత గొట్టాలండీ!" డెన్జిల్ నవ్వాడు. "చలికి ఊపిరి కారిపోయింది. మాడక్ గారి మాయ చూశారా! పోతూ పోతూ కూడా కళ్ళు తెరుస్తుంది!"

"మాడక్‌ది కాదు."

గుమ్మం మెట్టు మీద స్టాన్లీ. బొటనవేలు ఎత్తి పట్టుకున్నాడు, అందరికీ కనపడేలా.

"ఆ ఆలోచన మాడక్‌ది కాదు. చెప్పినవాడిని చూసి నవ్వాం, నేనే ఎక్కువ నవ్వాను. అతను పోయిన రోజు దీపాలు వేసే ఉన్నాడు. మీట బయటికే ఉంది. ఈ వేలితో నేనే నొక్కాను. ప్రమాణం చేసి అబద్ధమాడాను."

 ఎవరో దగ్గారు. డెన్జిల్ జాలిగా మొహం పెట్టి, అందరికీ టీ పెట్టిన బల్ల మీంచి ఓ కప్పు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"పాపం, పెద్దాయనకి చలి తగిలినట్టుంది. టీ తాగండి తాతగారూ… టీ తాగి ఇంటికి పోదురుగాని."

స్టాన్లీ ఆ కప్పుకేసి చూశాడు. దాని బరువు చేతిలో చూసుకున్నాడనిపించింది నాకు. మెట్టు మీద పెట్టేశాడు.

"నాకు చలి లేదయ్యా. వినండి. మీట బయటికే ఉంది."

ప్రహరీ గేటు దగ్గరనించి బెరిల్ గొంతు, చలికంటే చల్లగా: "పేరు చెప్పు స్టాన్లీ. 'అతను' అంటే వీళ్ళకేం తెలుసు?"

"ఎడ్విన్," అన్నాడు. గొంతు పెంచాడు. "ఎడ్విన్ థాక్స్టర్!"

టక్.

వరస చివరనించి.

అందరం తిరిగాం. మాడక్ సొంత బండి. మొదటి రకం. ఊపిరి లేకపోతే మూసుకునే ఉండాల్సినది. ఒక కన్ను తెరుచుకుని ఉంది.

మేం చూస్తుండగానే… టక్. రెండోది.

డెన్జిల్ నవ్వలేదు. పరిగెత్తాడు. తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాడు. తలుపు తీసి లోపలికి వంగి, అలాగే ఉండిపోయాడు.

"ఏమిటి?" అన్నారెవరో.

"మీట," అన్నాడు. "బయటికి లాగి ఉంది." మా వైపు తిరిగాడు. "పొద్దున దించినప్పుడు లోపలికే ఉంది. నేనే… నా వేలితో నొక్కి చూశాను. తాళం వేసింది కూడా నేనే…"

ఇప్పటికీ దానికి జవాబు లేదు. నన్నడక్కండి.

బెరిల్ స్టాన్లీ దగ్గరికి నడిచొచ్చింది. క్షమిస్తుందేమోనని నేను మనసులో ప్రార్థించాను, నిజం చెప్తున్నా. ఆమె అతని మొహంలోకి చూసి, "ముప్ఫై ఏళ్ళు ఆలస్యం," అంది. అంతే. వెళ్ళిపోయింది. క్షమించడం పైవాడి చేతిలో పని. ఆమె చేత బలవంతాన చేయించడానికి మనమెవరం?

స్టాన్లీ ఆ వసంతం చూడలేదు. అంత్యక్రియలకి బెరిల్ వచ్చింది. వెనక నిలబడింది. పాట పాడలేదు. ఇత్తడి పలక ఇంకా గోడ మీదే ఉంది, వెళ్ళి చూడండి — మాడక్ పేరొక్కటే ఉంటుంది. రెండో పేరు చెక్కడానికి చోటు లేదన్నారు క్లబ్బువాళ్ళు.

అందుకే మీకు చెప్తున్నా. పలక మీద లేని పేరు నోళ్ళలో ఉండాలి. తెరుచుకున్న కళ్ళ సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోండి: నోరు మూయించడానికి చేతిలో పెట్టిన టీ కప్పుని మెట్టు మీద పెట్టేసి, ఒక ముసలాడు అదే మాట మళ్ళీ చెప్పాడు. మీ చేతిలోనూ ఎప్పుడో ఎవరో అలాంటి కప్పు పెడతారు. పక్కన పెట్టండి. పేరు చెప్పండి. వినాల్సిన మనిషి జుట్టు నెరవక ముందే చెప్పండి.

ఇక వెళ్ళిరండి. మలుపు దగ్గర నెమ్మదిగా తిప్పండి… దీపాలు వేసుకుని.